తగిలిందా, లేదా

దాలినాయుడికి ఊపిరి ఎక్కువ, నమ్మకం తక్కువ.

కబడ్డీ బరిలో వాడు కూతకి దిగితే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పంతొమ్మిదేళ్ళకే మూడు మండలాల్లో పేరు, పేరు వెనకే గొడవ. కిందటేడు ఫైనల్లో వీడి చెయ్యి ఇంకా మూరెడు దూరాన ఉండగానే, అవతలి జట్టువాడొకడు "తగిలింది" అని చెయ్యెత్తి బయటికి నడిచాడు. నడిచినవాడు దాలినాయుడికి బావ వరస. చూసే జనానికి కళ్ళు లేవా? కుర్చీలు గాల్లోకి లేచాయి. కబడ్డీ సంఘంవాళ్ళు పిలిచి అడిగితే, "అమ్మతోడు, నాకేటీ తెలీదు" అన్నాడు దాలినాయుడు. రుజువు దొరకలేదు. ఒక సీజను ఆడొద్దని మాత్రం పక్కన కూర్చోబెట్టారు.

సీజను అయిపోయింది, వాడు తిరిగొచ్చాడు. మర్నాడు పొద్దున్నే జిల్లా జట్టు బస్సెక్కుతుంది. ఎక్కేదెవరో తేల్చేది అప్పలస్వామి మాస్టారు.

మాస్టారి బరి సముద్రం ఒడ్డున, తడి ఇసకలో. అక్కడ అంపైరు ఉండడు. తగిలించుకున్నవాడే చెయ్యెత్తి బయటికి పోవాలి. ఎన్నేళ్ళుగానో అదే పద్ధతి.

ఆ సాయంత్రం మాస్టారు మడమతో ఇసకలో నడిగీత లాగుతుంటే దాలినాయుడు ఎదురొచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఈళ్ళు నన్ను బస్సెక్కనివ్వరు. నేను తగిలిస్తన్నాను, ఒక్కడూ చెయ్యెత్తడు. అందర్నీ ఎగదోసింది ఆ పోలిరాజుగాడే."

పోలిరాజు దూరంగా తొడలు చరుచుకుంటున్నవాడల్లా విన్నాడు. "నీ చెయ్యి కాదురా, నీ ఆశ తగిలుంటాది!"

అందరూ నవ్వారు. దాలినాయుడు ఒక్కొక్కడి మొహమూ చూశాడు. ఏ నవ్వు మామూలు నవ్వో, ఏ నవ్వు కూడబలుక్కున్న నవ్వో వాడికి తేలలేదు.

"మీకూ నామీద అనుమానమేనా, మాస్టారూ?"

మాస్టారు గీత పూర్తిచేసి, మెడలో ఈల తీసి వాడి చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల నువ్వు ఆడొద్దు. గీత కాడ నిలబడు. తీర్పు నీదే."

ఆ బరిలో అంపైరంటూ ఉండటం అదే మొదలు. కుర్రాళ్ళు గుసగుసలాడారు. రేపటి బస్సు పోయినట్టేనని దాలినాయుడు పళ్ళు బిగించి నిలబడ్డాడు.

పోలిరాజు కూతకెళ్ళాడు. అవతల మూలన గౌరీసు. వెనక్కి తిరుగుతూ పోలిరాజు కాలు చాపాడు, ఇసక లేచింది, ఒక్క గెంతులో గీత దాటి వచ్చేసి "తగిలింది" అన్నాడు. గౌరీసు చెయ్యెత్తేశాడు.

"తగల్లేదు," అన్నాడు దాలినాయుడు, ఈల ఊది మరీ.

గౌరీసు తెల్లబోయాడు. "ఓరి నీ తీర్పు బంగారంగానూ! తగిలించుకున్నోణ్ణి నేను కదరా. మడమ మండతంది ఇక్కడ."

"నాటకాలు!"

మాస్టారు నెమ్మదిగా అడిగాడు. "తగిలించినోడు తగిలిందంటన్నాడు. తగిలించుకున్నోడూ తగిలిందంటన్నాడు. నీకేటి కనిపించింది?"

"ఇసక లేచింది. ఏటీ కనబళ్ళేదు."

"మరి?"

"ఇద్దరూ కలిసిపోయేరు, మాస్టారూ. పోలిరాజుని బస్సెక్కించడానికి గౌరీసు కావాలనే ఔటయ్యేడు."

"నీకెలాగ తెలుసు?"

"ఎలాగేటి? ముందే చెప్పుకుని చెయ్యెత్తడం ఎలాగుంటాదో నాకు తెల్దా!"

మాట బయటికి వచ్చేసింది. వచ్చాక గానీ అదేమిటో వాడికి వినబడలేదు.

ఈసారి ఎవడూ నవ్వలేదు. పోలిరాజు కూడా తల తిప్పుకుని, కాలికి అంటిన ఇసక దులుపుకోవడం మొదలెట్టాడు. ఏదో ఒకటి అంటే బాగుండునని దాలినాయుడికి అనిపించింది. తిడితే తిరిగి తిట్టొచ్చు.

మాస్టారు మాత్రం ఆ మాట విననట్టే, "ఇలాగియ్యి," అని ఈల తీసుకున్నాడు. "కూతకెళ్ళు."

"నేనా?"

"నువ్వే. పోలిరాజూ, గౌరీసూ, అవతలికి దిగండి."

చెప్పి, బరికి వీపు పెట్టి సముద్రం వైపు తిరిగాడు మాస్టారు. "చేతులెవరూ ఎత్తొద్దు. ఈడొచ్చి చెప్తాడు."

దాలినాయుడు గీత తాకి దిగాడు. కూత గొంతులో వణికింది, తర్వాత నిలబడింది. గౌరీసు పక్కకి లాగాడు, పోలిరాజు మీదకి వచ్చాడు. దాలినాయుడు నడుం వంచి, వాడి చంక కింద నుంచి దూరి, చెయ్యి వెనక్కి విసిరి, ఇసకలో దొర్లుకుంటూ గీత ఇవతల పడ్డాడు. చేతివేళ్ళ చివర ఏదో తగిలినట్టే ఉంది. పోలిరాజు చొక్కానో, ఒట్టి గాలో.

"తగిలిందా?" అన్నాడు మాస్టారు, తిరక్కుండానే.

కిందటేటి దాలినాయుడైతే గీత దాటకముందే అరిచేవాడు. వాడు పోలిరాజు మొహంలోకి చూడబోయాడు. చూడలేదు. తన వేళ్ళవైపు చూసుకున్నాడు.

బస్సు గుర్తొచ్చింది.

"తెలీదు, మాస్టారూ."

అప్పుడు తిరిగాడు మాస్టారు.

"పొద్దున్నే వచ్చెయ్యి. బస్సు ఆగదు."