తుపాకికి జీలుగుబెండు బిరడా

పాళెగాడి దండు బురద వంక దాటి గుట్ట కింద ఆగింది. గొట్టంలో దుమ్మూ ధూళీ పడకుండా తుపాకి మూతికి జీలుగుబెండు బిరడా పెట్టుకున్నవాడు ఆ దండులో ఓబులేసు ఒక్కడే. దండును నడిపే దళవాయి వెంగళప్ప కంట అది పడింది. ఒకరి మంచి ఓర్చుకునే మనిషి కాదు ఆయన.

"ఏరా, శత్రువు ఎదురుంటే తుపాకి నోరు మూస్తావా? దండు పరువు తీశావు. నిలబడు, నేనే కాల్చేస్తా!"

అందరూ కొయ్యబారిపోయారు. వంక దాటకముందే మందూ గుండూ దట్టించి ఉన్న తన తుపాకి ఎత్తి, దళవాయి దాన్ని పేల్చే వత్తి వెలిగించి చేతబట్టాడు.

ఓబులేసు కదల్లేదు. దళవాయి పక్కనే ఉన్న పాళెగాడికి దండం పెట్టాడు.

"దొరా, ఒక్క మనవి. తమరు దళవాయిగారి పక్కన ఉండొద్దు. నా పక్కకు రండి, ఇక్కడ క్షేమం."

"చచ్చేవాడి పక్కన క్షేమమేందిరా?" అన్నాడు పాళెగాడు.

"వంకలో ఆయన ఆ తుపాకినే తలకిందులుగా పట్టుకుని, ఊతకర్రలా పొడుచుకుంటూ వచ్చారు దొరా. మూతినిండా బురదే. గుండు నాదాకా రాదు. గొట్టం పగిలి ఆయన మొహానే పడుతుంది."

దళవాయి గొట్టంలో వేలు పెట్టి చూశాడు. నల్లటి బురద ముద్ద ఊడొచ్చింది. ఆయన వత్తిని కిందపడేసి కాలితో నలిపాడు.

"శిక్ష ఆగకూడదు కదయ్యా," అంటూ ఓబులేసు తన తుపాకి అందించాడు. "ఇదైతే శుభ్రంగా పేలుతుంది. బిరడా మాత్రం మీ చేత్తో మీరే పీకాలి."

దళవాయి చెయ్యి చాపలేదు. పాళెగాడు ఓబులేసు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఒరే ఓబులేసూ, ఈ జీలుగుబెండు ఎక్కడ దొరుకుతుందిరా?"