మెతుకులు అంటిన చేయి

మధ్యాహ్నం దాటాక అన్నం తినకూడదు. కృష్ణ ఒడ్డున కొండ మీది భిక్షుణుల విహారంలో అంతకంటే గట్టి నియమం లేదు. అది తప్పిందని చిన్న భిక్షుణి నాగసిరి మీద ఫిర్యాదు వచ్చింది. తప్పు తేలితే కాషాయం విప్పేసి కొండ దిగిపోవాలి. దిగి వెళ్ళడానికి ఆమెకి ఇల్లంటూ లేదు.

గురువు సంఘపాలి ఆ విచారణని శిష్యురాలు ఉత్తరకి అప్పగించింది. ఎండ వాలాక, సభ కూడే ముందు, ఉత్తర హుషారుగా వచ్చింది.

"అంతా దొరికిందమ్మా. వంటశాలలోంచి అన్నం పట్టుకెళ్ళడం చూసినవాళ్ళున్నారు. తిరిగొచ్చేసరికి చేతికి మెతుకులున్నాయి. ఇంకేం కావాలి?"

"ఆమె ఏమంది?"

"కొండ కింద కుమ్మరి బాలింతకి జ్వరమట. కలిపి తినిపించి వచ్చిందట."

"ఆ బాలింతని అడిగావా?"

"అడిగాను. నిజమే అంది. కానీ సభలో అదెందుకమ్మా? చెబితే నేను పోగేసిందంతా నీరుగారిపోతుంది."

సంఘపాలి నుదురు కొట్టుకుంది. "నిన్ను చూసి రమ్మన్నానా, ఉరితాడు పేనుకు రమ్మన్నానా?"

"నేరం సంగతి చూడమన్నారు, చూశాను" అంది ఉత్తర మొహం ముడుచుకుని.

"సరే తల్లీ. వంటశాలలో మిగిలిన అన్నం ముద్ద చేసి కాకులకి పెట్టు."

ఉత్తర పెట్టింది. పెట్టీ పెట్టగానే గురువు ఆమె మణికట్టు పట్టుకుని సభలోకి ఈడ్చుకుపోయింది.

"ఈమె చెయ్యి చూడండి" అని, వెళ్ళి తన చోట కూర్చుంది.

సభలో కలకలం రేగింది. "ఈ వేళప్పుడు మెతుకులా! ఉత్తరా, నువ్వు కూడానా?"

"నేను తినలేదు! కాకులకి పెట్టాను. అమ్మే పెట్టమన్నారు. అమ్మా, చెప్పండి!"

సంఘపాలి కళ్ళు మూసుకుంది.

"మీకు తెలుసు కదమ్మా! ఒక్క మాట చెప్పండి!"

గురువు కళ్ళు తెరవలేదు. గోడవార నిలబడ్డ నాగసిరి మాత్రం తలెత్తి చూసింది. ఉత్తర తన చేతికంటిన మెతుకుల వంక చూసుకుంది.

"నాగసిరి కూడా తినలేదు" అంది చివరికి. "బాలింతకి తినిపించింది. ఆ బాలింతే నాతో చెప్పింది. నేనే దాచాను."

"ఇంతసేపా!" సంఘపాలి విసుగ్గా కళ్ళు తెరిచింది. "కాకులకి పెట్టమన్నది నేనే. ఆ బాలింత జ్వరంతో లేచి రాలేదు కదా, పెద్దవాళ్ళని నువ్వే ఆమె గుమ్మానికి తీసుకెళ్ళు. ముందు ఆ చెయ్యి కడుక్కో."

ఉత్తర చెయ్యి కడుక్కోకుండానే పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని కొండ దిగింది.