దొరబాబుకి తగిలిన దిష్టి

ఊ కొడతావా మరి? కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా. ఆఁ, అలా రా దారికి.

అనగనగా ఒక ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. పిల్లాజెల్లా లేరు పాపం. అందుకని వీధిలో పిల్లలందరూ ఆవిడ పిల్లలే. ఏ ఇంట్లో పసిబిడ్డ ఏడ్చినా చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. ఇంకో సంగతేమిటంటే, ఆవిడ కంటపడనిది లేదు. ఎవరి గేదె నీరసంగా ఉందో, ఎవరి పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడిందో అందరికన్నా ముందు ఆవిడే చెప్పేది. కళ్ళంటే అవీ కళ్ళు!

పక్కింటి అప్పయమ్మకి ఒక పుంజు ఉండేది. పేరు దొరబాబు. ఎర్రటి ఈకలు, నల్లటి తోక, నెత్తిన మందారపువ్వులాంటి తురాయి. పెరట్లో వాడు నడుస్తుంటే మునసబుగారు వస్తున్నట్టుండేది. వాడంటే అప్పయమ్మకి పంచప్రాణాలు. ఎవరైనా వాణ్ణి బాగున్నాడంటే చాలు, ఆవిడ గుండె గుభేలుమనేది. వెంటనే గుప్పెడు రాళ్ళుప్పు తెచ్చి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ వాడి చుట్టూ తిప్పేసేది.

ఒకరోజు పొద్దున్నే పాలవాడు వచ్చి, "అబ్బో, ఏం పుంజమ్మా!" అన్నాడు. అప్పుడు అప్పయమ్మ దిష్టి తీసింది. ఆ తర్వాత గాజులావిడ వచ్చి ముక్కున వేలేసుకుంది. మళ్ళీ తీసింది. ఆ తర్వాత మన నూకాలు దడి మీంచి తొంగిచూసి, "వదినా, నీ దొరబాబు ఇవాళ పెళ్ళికొడుకులా ఉన్నాడే!" అంది. మళ్ళీ తీసింది.

పొద్దు వాలకముందే దొరబాబు కాళ్ళు బారజాపేశాడు. చచ్చిపోయాడు బంగారం. ఊ కొట్టు, ఏడవకు.

అప్పయమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని ఊరికే అన్నారా? ఇదంతా నీ కళ్ళ పనే నూకాలూ! పాపిష్టి కళ్ళు! ఇంక మా పెరటివైపు కన్నెత్తి చూశావంటే ఊరుకోను!" అంది. పురిటికొచ్చిన కూతురి బిడ్డని కొంగు కప్పి లోపలికి పట్టుకుపోయింది.

ఆ మాట వీధంతా పాకింది. మర్నాడు నూకాలు గుమ్మంలోకి వస్తే, తల్లులు పిల్లల్ని గబగబా చంకనేసుకుని తలుపులు వేసుకున్నారు. నూకాలు వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంక ఈ జన్మలో ఒక పసిబిడ్డని ఎత్తుకునే రాత లేదనుకుంది.

ఏడ్చి ఏడ్చి, అప్పుడు ఆలోచించింది. నా కంట్లో విషముంటే, రోజూ చూసే నా జామచెట్టు ఎందుకు విరగకాస్తోంది? పుంజుని పాము కరవలేదు, పిల్లి ముట్టలేదు. మరేమైంది?

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న దొరబాబు మూకుడులో నీళ్ళన్నీ తాగేశాడు. ఆ తర్వాత కుడితి తొట్టిలో తల పెట్టి తాగాడు. అదీ చాలక, అంట్లు తోమిన చోట మడుగులో నీళ్ళూ తాగాడు. పుంజుకి అంత దాహమేమిటి? ఆవకాయ ఎక్కువ తిన్న రోజు నాకూ ఇంతే కదా!

సరిగ్గా అప్పుడే దడి అవతల, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని వినపడింది. ఈసారి పెట్టకీ దాని పిల్లలకీ తీస్తోంది అప్పయమ్మ.

నూకాలు దడి దాకా వెళ్ళి ఆగింది. చూస్తే ఉన్న చెడ్డపేరు రెట్టింపవుతుంది. చూడకపోతే ఉండలేదు. పోతే పోయిందిలే నా పేరు అనుకుని కన్నెత్తి చూసింది. అప్పయమ్మ ఆ ఉప్పుని గోడవారకి విసిరేసింది. కోడిపిల్లలు కిచకిచమంటూ దాని మీదకి పరిగెత్తాయి.

అంతే! నూకాలు చీర చిరుగుతున్నా లెక్కచెయ్యకుండా దడి దూకేసింది. పిల్లల్ని ఒళ్ళోకి ఊడ్చుకుంది. "వదినా, ఉప్పు! ఇసకరాళ్ళనుకుని మింగుతున్నాయే!" అని అరిచింది.

కోళ్ళకి పళ్ళుండవు కదా బంగారం, చిన్న చిన్న రాళ్ళు మింగి మేత అరిగించుకుంటాయి. ఆ సంగతి అప్పయమ్మకీ తెలుసు. కానీ తట్టొద్దూ!

"దిష్టి తీసిన ఉప్పు పొయ్యిలో వెయ్యాలి కదా వదినా?" అంది నూకాలు.

అప్పయమ్మ గోడవార ఉప్పుని చూసింది. "పొయ్యిలో చిటపటమంటే దొరబాబు బెదిరిపోతాడని పెరట్లో విసిరేదాన్నే. నిన్న మూడు గుప్పిళ్ళు... నా చేతులతో నేనే..." అని నేల మీద కూలబడింది.

ఇంకొకత్తె అయితే అప్పుడు నాలుగూ దులిపేసును. నూకాలు ఏం చేసిందో తెలుసా? అప్పయమ్మ కళ్ళు తుడిచింది. "ముద్దుకొద్దీ చేశావు, ఊరుకో. లే, ముందు కోడిపిల్లలకి మంచినీళ్ళు పెట్టు" అంది. అదీ మనిషంటే!

ఆ తర్వాత అప్పయమ్మ లోపలికెళ్ళింది. కేకలు విని వచ్చిన వీధివాళ్ళంతా చూస్తుండగా మనవణ్ణి తెచ్చి నూకాలి ఒళ్ళో పడుకోబెట్టింది. "నీ కళ్ళనన్న నా నోట్లో మన్నుపడ! వదినా, నా మనవణ్ణి కళ్ళారా చూడు" అంది.

నూకాలు చూద్దామనే వంగింది. కళ్ళనిండా నీళ్ళొచ్చేసి, బిడ్డ మొహం కనపడితేగా!

ఉప్పు జాడీకి, కోడి గంపకి,
కథ కంచికి, కళ్ళు కునుక్కి.