కోయని చీవరం

తెల్లవారితే నాగబుకు చీవరం ఇస్తారు. చీవరం అంటే భిక్షువు కట్టుకునే కాషాయ వస్త్రం. అది ఒంటి మీదికి వచ్చాక ఇక ఇల్లూ వాకిలీ ఉండవు, నాది అనుకునేది ఏదీ ఉండదు. ఆ రోజు కోసం నాగబు ఏడాదిగా ఎదురుచూశాడు. తీరా వచ్చేసరికి ఒక గుడ్డ అడ్డం పడింది.

అతను సాలెవాడు. ఊహ తెలిసినప్పటినుంచీ మగ్గం ముందు కూర్చుని యాభై ఏళ్లు తెచ్చుకున్నవాడు. భార్య సామసిరి పోయాక చంకన చిన్న మూట పెట్టుకుని, కృష్ణ ఒడ్డున కొండ మీదున్న విహారానికి వచ్చాడు. మూటలో ఉన్నది సామసిరి నేసిన ఆఖరి గుడ్డ. జ్వరంతో, దగ్గుకుంటూ, ఎవరు వద్దన్నా వినకుండా నేసింది. మగ్గం నుంచి దించిన మూడోనాడు కన్నుమూసింది.

చదువులో మాత్రం నాగబుకు ఎవరూ వంక పెట్టలేరు. కొండెక్కి వచ్చిన జనాన్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ ఎత్తుకునేవాడు. రాజు కొడుకు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూడడం, అర్ధరాత్రి ఇల్లు విడిచిపోవడం, ఆరేళ్లు ఒళ్లు శుష్కించేలా తపస్సు చేసి, అదీ దారి కాదని తెలుసుకుని, రావిచెట్టు కింద కూర్చుని బుద్ధుడై లేవడం. వినేవాళ్లు రెప్ప వేసేవారు కాదు. చివరికి నాలుగు సత్యాలూ మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడినట్టు తడబడకుండా చెప్పేవాడు. "దుఃఖం ఉంది. దానికి మూలం కోరిక. కోరిక ఆరితే దుఃఖం ఆరుతుంది. ఆర్పుకోవడానికి ఎనిమిది అంగాల దారి ఉంది." ఆడవాళ్లు చేతులు జోడించేవారు. నాగబుకు కాస్త గర్వంగానే ఉండేది. పాపం, నోటికి వచ్చింది ఇంకా చేతికి రాలేదు.

విహారంలో నియమం ఒకటుంది. ఎంత మంచి గుడ్డ అయినా ముక్కలుగా కోసి, ఆ ముక్కలు కలిపి కుట్టుకోవాలి. అలా కోసిన గుడ్డను సంతలో ఎవరూ కొనరు, దొంగ ఎత్తుకుపోడు, కట్టుకున్నవాడికీ దాని మీద మోజు పుట్టదు. ఈ నియమం కూడా నాగబు అందరికీ చక్కగా చెప్పేవాడు.

కానీ తన చీవరానికని దాచుకున్న సామసిరి గుడ్డ మీద కత్తి పెట్టలేకపోయాడు. పనస చెక్క ఉడికించిన నీళ్లలో రంగు వేశాడు, ఆరేశాడు. తర్వాత సాలెవాడికి మాత్రమే తట్టే పని ఒకటి చేశాడు. గుడ్డను కోయకుండా, గట్టు పోసినట్టు సన్నగా మడిచి, ఆ మడత మీదే కుట్టు వేసుకుంటూ పోయాడు. నిలువునా కుట్లు, అడ్డంగా కుట్లు. చూసినవాళ్లందరూ ఎన్ని ముక్కలో, ఎంత బాగా అతికాడో అన్నారు.

చీవరం ఇచ్చే రోజుకు ముందునాడు, పొద్దు పొడవకముందే దాన్ని గురువు పాలిత స్థవిరుడి ముందు పెట్టాడు.

స్థవిరుడు ముసలివాడు, చూపు ఆనదు. ఒక కుట్టు మీద వేలు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెల్లగా నడిపించాడు. పక్కనున్న తుమ్మముల్లు తీసుకుని ఒక్క దారం లాగాడు. మడత విచ్చుకుంది. లోపల గుడ్డ ఎక్కడా తెగలేదు.

నాగబుకు తల కొట్టేసినట్టయింది. తిడతాడనుకున్నాడు.

"పైకి వెళ్దాం పద నాయనా. అది తీసుకో" అన్నాడు స్థవిరుడు.

ఇద్దరూ కొండ కొమ్ముకు ఎక్కారు. తొలివానలు పడ్డాయి, ఇంకా నాట్లు పడలేదు. కింద ఏటి ఒడ్డు పొడుగునా మడులన్నీ నీళ్లతో నిండి ఉన్నాయి. నిలువు గట్లు, అడ్డం గట్లు. అప్పుడే సూర్యుడు పైకి వచ్చాడు. ఒక్కో మడిలో ఒక్కో సూర్యుడు లేచాడు. నాగబు ఒళ్లు జలదరించింది. యాభై ఏళ్లు ఆ గట్ల మీదే నడిచాడు, ఇలా ఎన్నడూ చూడలేదు. చేతిలోని గుడ్డ సంగతే మరిచిపోయాడు.

"మగధలో ఇలాంటి పొలాలనే చూపించి, చీవరం అలా కుట్టుకోమన్నాడట తథాగతుడు" అన్నాడు స్థవిరుడు.

నాగబు వైపు తిరిగి అడిగాడు. "నేత పూర్తయ్యాక ఏం చేస్తారు నాయనా?"

"గుడ్డ దించుతాం భంతే."

"ఎలా?"

"పడుగు దారాలు కోసి."

"కోయకపోతే?"

"కోయకపోతే అది గుడ్డెలా అవుతుంది భంతే? మగ్గానికి కట్టేసిన నూలు." అనేసి నాగబు చేతిలోని గుడ్డ వంక చూశాడు.

"దీని పడుగు ఎవరు కోశారు?"

"సామసిరే. నేను కోస్తానంటే కత్తి ఇవ్వలేదు."

"చెయ్యి వణికిందా?"

నాగబు తల అడ్డంగా ఊపాడు. "అన్నం ముద్ద ఎత్తాలన్నా వణికే చెయ్యి భంతే అది. ఆ పూట వణకలేదు."

స్థవిరుడు నడుముకున్న సంచిలోంచి గుడ్డలు కోసే చిన్న కత్తి తీసి రాతి మీద పెట్టాడు. పెట్టి, పొలాల వైపు తిరిగి కూర్చున్నాడు.

నాగబు కుట్లన్నీ విప్పాడు. గుడ్డ పరిచి ఒకసారి అరచేత్తో నిమిరాడు. కళ్లు తుడుచుకుని కోశాడు. పడుగు తెగే చప్పుడు అతనికి తెలిసిన చప్పుడే.

పొద్దెక్కేసరికి ముక్కలన్నీ కలిపి కుట్టాడు. జానెడు ముక్క ఒకటి మిగిలింది. దాన్ని ఏం చేయాలో తోచక చేత్తో పట్టుకుని నిలబడితే, స్థవిరుడు చెయ్యి చాపి తీసుకున్నాడు. తన చీవరం భుజం దగ్గర చిరిగిన చోట పెట్టి చూపించాడు. నాగబే కుట్టాడు. కుడుతుంటే దాని పక్కన నేత పలచబడిన పాత ముక్క ఒకటి వేలికి తగిలింది. అది ఏ మగ్గం మీద నేసిందో అతనికి అంతుపట్టలేదు.

"ఇది ఎవరిది భంతే?"

"ఎవరో ఒక సామసిరిది నాయనా."

మర్నాడు ఉదయం నాగబుకు చీవరం ఇచ్చారు. భిక్షకు వెళ్లే వరసలో అతను అందరికన్నా వెనక నిలబడ్డాడు. ముందు నలభై మంది కొండ దిగుతున్నారు. నలభై వీపుల మీద ఎన్ని ముక్కలున్నాయో నాగబు లెక్కపెట్టబోయి మానేశాడు.

ఊళ్లో మొదటి గుమ్మం ముందు ఆగారు. ఆ ఇంటి ఇల్లాలు, ఇంకో సామసిరి, ఇంకా బయటికి రాలేదు. అప్పటికే నాగబు తల వంచి ఉన్నాడు.