నీలగిరి మొక్కకు సరిపడా ఇల్లు

ఏమ్మా, ఏమయ్యా, మీ ఇంట్లో అందరికన్నా తెలివైనవాళ్ళెవరో ఠక్కున చెప్పగలరా? నీళ్ళు నములుతున్నారే! చలికొండ సూరమ్మ ఇంట్లో ఆ తంటా లేదు. “మేం ముగ్గురం తెలివైనవాళ్ళమే” అని ఆమే వీధంతా చాటుకుంటుంది.

ఆమె దిగులల్లా ఇంటి కప్పు గురించే. చలికాలం వస్తే చాలు, ఈదురుగాలి కప్పు మీది గడ్డిని ఎగరేసుకుపోతుంది. ఈసారైనా కప్పు నిలవాలని మొగుడు లింగన్ననీ, మరిది పైడయ్యనీ వెంటేసుకుని నర్సరీకి వెళ్ళింది.

“ఈ నీలగిరి మొక్క ఎంత చలికైనా తట్టుకుంటుందమ్మా. గాలొచ్చే వైపు వరసగా నాటండి, అడ్డుకుంటుంది. చంటిపిల్లలా చూసుకోండి” అన్నాడు నర్సరీ ఆయన.

“ఉన్నది ఒక్క ఇల్లు, వరసెందుకు?” అని సూరమ్మ ఒక్క మొక్కే తెచ్చింది.

ఇంకేముంది! మొక్కకు నలుగు పెట్టారు, వేణ్ణీళ్ళు పోశారు, సాంబ్రాణి పొగ వేశారు. నాలుగాకులు రాలాయి.

“పుట్టువెంట్రుకలు, రాలతాయిలే” అంది సూరమ్మ.

పొద్దున గాలి పడమట నుంచి వచ్చింది, అటు నాటారు. మధ్యాహ్నం గాలి తిరిగింది, పీకి ఇటు నాటారు. సాయంత్రానికి పైడయ్య మొక్కను చంకనెత్తుకుని ఇంటి చుట్టూ ఒకటే పరుగు.

“ఒరే, గాలెటొస్తోందిరా?”

“నేనెటు పరిగెత్తితే అటు నుంచే మొహానికి కొడుతోంది వదినా!”

“అయితే ఆగకు!”

మర్నాడు కప్పు మీంచి రెండు కట్టల గడ్డి లేచిపోయింది. అంతే, సూరమ్మ నర్సరీ మీదికి దండెత్తింది.

“ఏం మొక్కయ్యా ఇది? గాలి దీని నెత్తి మీంచి పోతోంది!”

“ఇల్లంత ఎత్తయితేనే కదమ్మా గాలి ఆగేది! నాలుగేళ్ళన్నా పట్టదూ?”

సూరమ్మ వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. నాలుగేళ్ళపాటు కప్పును ఎవరు కాస్తారు? ఇంటికొచ్చి మోకాలెత్తు మొక్కను చూసింది, ఇంటిని చూసింది. మొహం వెలిగిపోయింది.

“ఏమయ్యో, రెండూ ఒకే ఎత్తుంటే చాలట. మొక్కను సాగదీస్తే తెగుతుంది. మరి ఇల్లో?”

“ఇల్లు మనం చెప్పినట్టు వింటుంది!” అన్నాడు లింగన్న.

అంతే! కప్పు దింపారు, గోడలు మోకాలెత్తు మిగిలేలా తవ్వారు, కప్పు మళ్ళీ వేశారు. ముగ్గురూ పాక్కుంటూ లోపలికి దూరారు.

“గాలి తగులుతోందా?”

“లేదే!”

“మరి! తెలివంటే ఇదీ!”

ఇంతలో పక్కింటి మేక వచ్చి మొక్క కొసను కసుక్కున కొరికేసింది. సూరమ్మ చూరు కిందనుంచి తల బయటపెట్టి చూసి లబలబలాడింది.

“కొంప మునిగిందిరోయ్! ఇల్లు మళ్ళీ పొడుగైపోయింది! గోడలు ఇంకో జానెడు దించండి!”

అమ్మల్లారా, అయ్యల్లారా, నవ్వింది చాలు. ఈసారి కప్పు దింపకుండా, లోపల బోర్లా పడుకునే తవ్వుతున్నారు. లేవండి, పరిగెత్తండి, ముందు ఆ పార లాక్కోండి!