నోటి కొలతల శాండ్‌విచ్ ఉండలు

నిడదవోలు స్టేషను రోడ్డులో బజ్జీల కొట్టు పెట్టుకున్న కోటిలింగానికి ఒక్కటే దిగులు. దేవుడు ఊరంతా పంచాల్సిన తెలివిని ఏదో తొందరలో ఉండి మొత్తం తన ఒక్క ఇంట్లోనే దింపేసి పోయాడేమోనని. తనేమో తెలివైనవాడు. తమ్ముడు అచ్చయ్య తనకన్నా తెలివైనవాడు. భార్య మంగతాయి సరేసరి, వాళ్ళిద్దరికీ సలహాలు చెప్పేంత తెలివైనది. మిగతా ఊరు ఎలా బతుకుతోందో పాపం అని అతను అప్పుడప్పుడు జాలిపడేవాడు.

ఆ తెలివికి ఓ రుజువుంది. కొట్టు కట్టిన కొత్తలో పెయింటరు బోర్డు మీద 'వేడి వేడి బజ్జీలు' అని రాసి వెళ్ళాడు. వేడి అని ఒక్కసారే రాస్తే ఒకసారి వేయిస్తే సరిపోయేది. రెండుసార్లు రాశాడు. అంతే, ఆ రోజునుంచీ కోటిలింగం బజ్జీని ఒకసారి వేయించి, పూర్తిగా చల్లారేదాకా విసనకర్రతో విసిరి, మళ్ళీ నూనెలో వేసి తీసేవాడు. అలా రెండుసార్లు వేగిన బజ్జీ కరకరలాడిపోయేది. జనం ఎగబడేవారు. బోర్డును శ్రద్ధగా చదవడం వల్లే ఇంత పేరు వచ్చిందని కోటిలింగం అందరికీ చెప్పేవాడు.

ఆ కరకర విని ఓ రోజు సుభద్రమ్మగారు కొట్టుకొచ్చారు. ఆవిడ భర్త జగపతిరాజుగారు బొంబాయిలో రైల్వే ఉద్యోగం చేసి, రిటైరై సొంతూరు వచ్చేసిన మనిషి. పెళ్ళైన కొత్తలో బొంబాయిలో ఓ చిన్న హోటల్లో ఇద్దరూ ఒకే శాండ్‌విచ్ సగం సగం తినేవారట. నల్లరొట్టె ముక్కల మధ్య ఉప్పులో ఊరిన మాంసం, పులిసిన క్యాబేజీ, చీజు, ఆవముద్ద, ఇంత మందాన ఉండేదట. దాని తయారీ ఆ హోటలు ముసలాయన దగ్గర ఆవిడ నేర్చుకున్నారు కూడా. కానీ రెండేళ్ళ కిందట రాజుగారికి దవడ పట్టేసింది. అప్పట్నుంచీ నోరు వేలెడు మందానికి మించి తెరుచుకోదు. శాండ్‌విచ్ మాట దేవుడెరుగు, ఇడ్లీ కూడా చిదిపి పెట్టాల్సిందే. వచ్చే ఆదివారం ఆయన షష్టిపూర్తి. అదే శాండ్‌విచ్‌ని చిన్న చిన్న ఉండలు చేసి, నూనెలో వేయించి, ఆయనకీ వచ్చిన చుట్టాలకీ పెట్టాలని ఆవిడ కోరిక.

"నోట్లో ఒక్కసారిగా పట్టేంత ఉండాలి, కోటిలింగం. అంతకు మించి ఉండకూడదు," అన్నారావిడ. "రెండేళ్ళయింది ఆయన ఇష్టంగా ఓ ముక్క తిని. ఆ రోజు తినాలి."

కోటిలింగానికి గుండె కరిగింది. తినిపించే పూచీ తనదన్నాడు. ఆవిడ కూచుని అన్నీ వివరంగా చెప్పారు. క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పు పట్టించి, జాడీలో పెట్టి, ఓ మూల పడేసి, నాలుగు రోజులు దాని సంగతే మరిచిపొమ్మన్నారు. ఉండలు బంగారు రంగు రాగానే నూనెలోంచి తీసెయ్యమన్నారు. వచ్చేవాళ్ళ పేర్లు చెబుతూ మాటల్లో మాటగా, తన ఆడపడుచు సీతాయమ్మది చాలా పెద్ద నోరనీ, చిన్న తోటికోడలికి పాపం నోట్లో నాలుకే లేదనీ, ఇక తమ రాజుగారంటారా, ఆయన మనసు ఉత్త వెన్నపూసనీ చెప్పారు.

ఆవిడ వెళ్ళగానే ముగ్గురూ తలుపేసుకుని కూచున్నారు. నోట్లో పట్టేంత అన్నారు సరే, ఎవరి నోట్లో అని అచ్చయ్య అడిగాడు. ఈ ప్రశ్న ఇంకో ఇంట్లో పుట్టేదేనా అని కోటిలింగం తమ్ముణ్ణి చూసి పొంగిపోయాడు. ఇంకేముంది, మర్నాడు పొద్దున్నే అచ్చయ్య మంగతాయి కుట్టుమిషను టేపు మెడలో వేసుకుని, నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి నోరు తెరవమన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాడనుకుని అందరూ బుద్ధిగా తెరిచారు. ఒకాయన తన దవడపన్ను సలుపుతోందని చూపించబోతే, పళ్ళు తమ లెక్కలోకి రావనీ వెడల్పు చాలుననీ చెప్పి వచ్చేశాడు. రాజుగారి పేరు పక్కన 'వేలెడు' అని రాసుకున్నాడు. సీతాయమ్మగారిని కొలవనే లేదు. పెద్ద నోరని ఇంటివాళ్ళే చెప్పాక మళ్ళీ కొలవడం అవమానించినట్టు ఉంటుందన్నాడు.

కొలతల కన్నా క్యాబేజీతో వచ్చింది చిక్కు. జాడీని వంటింటి మూల పెట్టారు కానీ మరిచిపోవడం కోటిలింగం వల్ల కాలేదు. మరిచిపోవాలి అనుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. పడుకుంటే గుర్తొచ్చేది, స్నానం చేస్తుంటే గుర్తొచ్చేది. ఇలా అయితే అమ్మగారి పని చెడిపోతుందని అన్నం సయించక బెంగపెట్టుకున్నాడు. చూడలేక మంగతాయి ఓ ఉపాయం చెప్పింది. జాడీ ఎక్కడుందో తెలిస్తే కదా గుర్తుండేది అంది. అంతే, అచ్చయ్య కళ్ళకు గంతలు కట్టుకుని, జాడీ చంకనెత్తుకుని వీధిలోకి వెళ్ళి, ఎక్కడో పెట్టేసి, అలాగే తడుముకుంటూ తిరిగొచ్చాడు. ఇప్పుడు పెట్టినవాడికి కూడా తెలియదు. ఆ రోజు నుంచీ ముగ్గురూ నిశ్చింతగా పడుకున్నారు.

ఆదివారం పొద్దున సుభద్రమ్మగారి పెరట్లో పొయ్యిలు వెలిగాయి. ఆవిడ ఉప్పు మాంసం గిన్నె, చీజు అన్నీ తెచ్చిపెట్టి క్యాబేజీ ఏదని అడిగారు.

"ఏ క్యాబేజీ అండీ?" అన్నాడు కోటిలింగం, ఛాతీ విరుచుకుని.

పరాచికం అనుకుని ఆవిడ నవ్వారు. అవతల మొహాల్లో నవ్వు లేదు. మీరు మరిచిపొమ్మన్నారు, మొదట కష్టమైనా ఎట్టకేలకు మరిచిపోయామన్నాడు అతను. ఆవిడ నుదురు కొట్టుకుని, ఇక గుర్తు తెచ్చుకోవచ్చని అనుమతి ఇచ్చారు. అయితే గంతలు కట్టాల్సిందే అన్నాడు అచ్చయ్య. కళ్ళు తెరిచి పోయిన దారి అయితే కళ్ళు తెరిచి వెతకొచ్చు, కళ్ళు మూసుకుని పోయిన దారి తెరిస్తే ఎలా దొరుకుతుందన్నాడు. సొంత ఇంటి గుమ్మం నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండు కరెంటు స్తంభాలకు తగిలాడు, ఓ గేదెకు క్షమాపణ చెప్పాడు, టీకొట్టు బెంచీ బోర్లా తోశాడు, చివరికి తిన్నగా హోమియో డాక్టరుగారి గదిలోకి నడిచి ఆయన మంచం కింద చేయి పెట్టాడు. జాడీ అక్కడుంది. ఈ పులుపు వాసన ఏ రోగి దగ్గర్నుంచి వస్తోందో తెలియక, పాపం ఆ డాక్టరు మూడు రోజులుగా వచ్చినవాళ్ళందరికీ మాత్రలు మార్చి మార్చి ఇస్తున్నాడు.

జాడీ మూత తీసి వాసన చూడగానే సుభద్రమ్మగారి కోపం పోయింది. అచ్చం బొంబాయి హోటలు వాసన. ఆవిడ కొంగుతో కళ్ళద్దుకుని, ఇక త్వరగా కానివ్వమన్నారు.

మంగతాయి అన్నీ సన్నగా తరిగి, కలిపి, నోట్‌బుక్కు చూసుకుంటూ ఎవరి కొలతకు వాళ్ళ ఉండ చుట్టి, రొట్టెపొడి అద్దింది. కోటిలింగం మొదటి వాయి నూనెలో వేసి, బంగారు రంగు చూడాలి కాబట్టి మంగతాయి చెయ్యి పట్టుకుని ఆమె గాజును మూకుడు పక్కన ఉంచాడు. ఆ గాజు పుట్టింటివాళ్ళు పెట్టిన గిల్టుది. పన్నెండేళ్ళుగా మసిగిన్నెలు తోమి తోమి బొగ్గులా నల్లబడింది. ఉండలు గోధుమరంగు దాటాయి, కాఫీరంగు దాటాయి, ఇంకా గాజు రంగు రాలేదు. వచ్చేసరికి పెరడంతా పొగ. సుభద్రమ్మగారు పరుగెత్తుకొచ్చి, ఇవేం బొగ్గులని అడిగితే అతను గాజు చూపించాడు. అది బంగారం కాదని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. మంగతాయి ఏడుపు లంకించుకుంది. పన్నెండేళ్ళ తర్వాత ఆ సంగతి ఈ పొయ్యి దగ్గర తెలియాలా అని.

ఇక అసలు బంగారం కావాలి. అచ్చయ్య హాల్లోకి వెళ్ళి చూస్తే సీతాయమ్మగారి మెడలో కాసులపేరు ధగధగలాడుతోంది.

"అమ్మగారూ, మీ మెడ ఓసారి పొయ్యి మీదికి కావాలండి," అన్నాడు వినయంగా.

ఆవిడది పెద్ద నోరని ఊరికే అనలేదు. ఆ కేకలకు వీధి చివరి ఇళ్ళవాళ్ళు కూడా లేచి వచ్చారు. సుభద్రమ్మగారు బతిమాలి, సంగతి చెప్పి, ఆడపడుచుని తీసుకెళ్ళి పొయ్యి పక్కన పీట వేసి కూచోబెట్టారు. ఆవిడ చెమటలు కక్కుతూ తిడుతూనే ఉంది. కోటిలింగం మాత్రం ఓ కన్ను కాసులపేరు మీద, ఓ కన్ను మూకుడు మీద పెట్టి, రెండూ ఒక్క రంగులో కలిసిన క్షణాన ఉండలన్నీ తీసేశాడు. అలవాటు కొద్దీ వాటిని విసిరి చల్లార్చి ఇంకోసారి వేయించాడు. పైన కరకర, లోపల కరిగిన చీజు, పులుపు, ఆవఘాటు. తిన్నవాళ్ళు మాటలు మాని ప్లేట్లు చాచారు.

సీతాయమ్మగారి ఉండ వచ్చింది. కొబ్బరికాయంత ఉంది. రెండు చేతులా పట్టుకుని కొరకబోతూ ఆవిడ తిట్టడం మొదలుపెట్టింది, కొరికాక మానేసింది. రుచి అలాంటిది. అదయ్యేదాకా, అంటే ఓ పావుగంట, ఆ ఇంట్లో గడియారం చప్పుడు వినిపించింది. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలాంటి పావుగంట వాళ్ళెవరూ ఎరగరు.

చిన్న తోటికోడలి ఉండలో మాంసం, క్యాబేజీ, ఆవ ఏమీ వేయలేదు, ఉత్త రొట్టెముద్దే. నాలుకే లేని మనిషికి రుచులెందుకని మంగతాయి విడిగా చప్పగా చేసింది. ఆవిడ తిని, అటూ ఇటూ చూసి, పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో మొదటిసారి పదిమందిలో గొంతు పెంచి, దీనిలో ఉప్పు లేదంది. ఇంకేముంది, అచ్చయ్య హాలు మధ్యలో నిలబడి, అమ్మగారికి నాలుక మొలిచిందని అందరికీ చాటాడు.

ఆ నవ్వుల్లో సుభద్రమ్మగారికి తట్టింది, రాజుగారు ఎక్కడా కనపడటం లేదని. పొద్దున్నుంచీ ఎవరూ చూడలేదట. ఎవరి కోసం ఇదంతా చేశారో ఆయనే లేడు. ఆవిడ గదులన్నీ వెతికి చివరికి సామాన్ల గది తలుపు తీశారు. రాజుగారు రెండు మంచుదిమ్మల మధ్య కుర్చీలో, నెత్తిన తడితువ్వాలుతో కూచుని ఉన్నారు. పొయ్యి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాననీ, రెండుసార్లూ వెనక్కి తీసుకొచ్చి ఇక్కడ కూచోబెట్టారనీ, తన తప్పేమిటో తెలియలేదనీ చలికి వణుకుతూ చెప్పారు.

వెన్నను పొయ్యి దగ్గర ఎవరు పెట్టుకుంటారండీ అన్నాడు కోటిలింగం. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక, వేలెడు ఉండను ప్లేటులోంచి తీసి భర్త నోటికి అందించారు. చల్లారనివ్వమని కోటిలింగం బతిమాలుతున్నా వినలేదు.

కొలత తప్పలేదు. ఉండ ఆయన పెదాల మధ్యనుంచి ఇబ్బంది లేకుండా లోపలికి వెళ్ళింది. రాజుగారు నమిలారు. మధ్యలో ఆగారు. భార్య వంక చూశారు.

"సుభద్రా, సగం నీకు పెట్టకుండా తినేశాను," అన్నారు.

ఆయన కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదికి జారాయి. కోటిలింగం అది చూసి హడలిపోయాడు. తినిపిస్తానని పూచీ పడ్డాడు కానీ మనిషి కళ్ళముందే కరిగిపోతున్నాడు. పక్కనున్న కుండ ఎత్తి, మంచునీళ్ళు మొత్తం ఆయన నెత్తిన కుమ్మరించాడు. రాజుగారు ఉలిక్కిపడి లేచి పగలబడి నవ్వారు. ఎంత నవ్వారంటే ఆ దవడలో ఎక్కడో టక్కుమంది. వేలెడు నోరు రెండు వేళ్ళు అయింది. ఆయన నోరు చేత్తో తడుముకుని, ఇంకాస్త పెద్ద ఉండ ఉంటే తెమ్మన్నారు. ఈసారి దాన్ని రెండు ముక్కలు చేసి సగం భార్యకు పెట్టారు.

సాయంత్రం ముగ్గురూ సెలవు తీసుకుంటుంటే రాజుగారు మంగతాయికి చీర, అన్నదమ్ములకు పంచెలు పెట్టారు. ఇంత మంచి వంటకం ఇదివరకు ఈ ఊళ్ళో లేదు కదా, దీనికో మంచి పేరు పెట్టమన్నారు. తప్పకుండా పెడతామని కోటిలింగం మాటిచ్చి, మిగిలినవాటిలో అన్నిటికన్నా గుండ్రంగా ఉన్న ఉండను జేబురుమాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఇరవైఒకటో రోజున వాళ్ళింట్లో బారసాల. మామిడాకులు కట్టారు, పేరంటాళ్ళను పిలిచారు, అద్దె ఉయ్యాల తెచ్చి మెత్తటి గుడ్డలు పరిచి ఉండను పడుకోబెట్టారు. దానికప్పటికి బూజు పట్టింది. పిల్లకు నూగు వస్తోందని మంగతాయి మురిసిపోయి దిష్టి తీసింది. పేరు చెవిలో చెప్పాలి కాబట్టి కోటిలింగం వంగి చూశాడు. చెవి కనపడలేదు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. పేరంటాళ్ళు ముక్కులు మూసుకుని ఎదురుచూస్తున్నారు. అప్పుడు అచ్చయ్య బాగా ఆలోచించి, చీపురుపుల్లతో ఉండకు ఓ పక్కన చిన్న కన్నం పొడిచి, ఇదిగో చెవి అన్నాడు. కోటిలింగం ఆ కన్నం దగ్గర నోరు పెట్టి 'బొంబాయి బంగారమ్మ' అని మూడుసార్లు చెప్పాడు. ఉండ ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని ముగ్గురూ మురిసిపోయారు.

రెండో చెవి పొడవబోతుంటే మంగతాయి మరిది చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక చెవిలోంచి విని ఇంకో చెవిలోంచి వదిలేస్తే, పెట్టిన పేరు పోదూ అంది.