జామపళ్ళ వాటా

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న రోజుల్లో, పృథుకీర్తి అనే రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాయావి ఉండేవాడు. వాడు పొరుగుదేశపు రాకుమారి చంపకవల్లిని ఎత్తుకుపోయి, "మూడు రోజుల్లో నా చిలుకకు ఒక్క లెక్క నేర్పండి, పిల్లను వదిలేస్తాను. నేర్పలేనివాడు రాయి అయిపోతాడు" అని చాటింపు వేయించాడు.

పెద్దవాడు వెళ్ళాడు. "రెండూ రెండూ ఎంత?" అన్నాడు. "రెండూ రెండూ ఎంత?" అంది చిలుక. బెత్తం ఝళిపించి "నాలుగు అనవే!" అని అరిచాడు. "నాలుగు అనవే!" అని చిలుకా అరిచింది. మూడోరోజుకు రాయి అయ్యాడు.

రెండోవాడు వెళ్ళాడు. జామపళ్ళు పెట్టి బతిమాలాడు. చిలుక పళ్ళన్నీ తిని, అతని బతిమాలుడంతా అతనికే ఒప్పజెప్పింది. అతనూ రాయి అయ్యాడు.

ఇక మిగిలింది చిన్నవాడు సుముఖుడు. చదువులో అన్నలంత చురుకు కాదు. లెక్క తప్పి గురువుగారి చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నాడో! అయినా అన్నలు రాళ్ళై పడి ఉంటే ముద్ద దిగుతుందా? బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకున్న తిమింగలం పిల్లను విడిపించాడు. దాని తల్లి అతణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"నీ పిల్లకు ఇన్ని దారులెలా నేర్పావమ్మా?" అని అడిగాడు సుముఖుడు.

"నేర్పలేదు నాయనా. నాకే తెలియనట్టు తప్పుదారి పట్టి, కాసేపు ఆగుతాను. 'అటు కాదమ్మా' అని అదే నాకు చెబుతుంది."

మాయావి కోటలో మొదటిరోజు సుముఖుడు ఏమీ అడగలేదు. చిలుక ముందు జామపళ్ళు దొర్లిస్తూ కూర్చున్నాడు. అది ముక్కుతో ఒకటి వెనక్కి దొర్లించింది. రెండోరోజు ఇద్దరూ పళ్ళు పంచుకున్నారు. "నీకొకటి, నాకొకటి" అన్నాడతను. "నీకొకటి, నాకొకటి" అంటూ చిలుక భుజమెక్కింది.

మూడోరోజు పొద్దు వాలింది. సుముఖుడి పాదాలు రాయి కాసాగాయి. గుమ్మంలో ధూమకేశుడు పకపకా నవ్వుతున్నాడు. సుముఖుడికి ఏడుపొచ్చింది. అయినా నాలుగు పళ్ళు తీశాడు.

"ఇవిగో, నాకు మూడు, నీకొకటి. ఇద్దరికీ సమానం!"

"నాకు మూడు..." అని మొదలుపెట్టిన చిలుక ఆగిపోయింది. పళ్ళకేసి చూసింది, అతనికేసి చూసింది. జవాబు సుముఖుడి నోటిదాకా వచ్చింది. మోకాళ్ళు బిగుసుకుపోతున్నా పెదవి కదపకుండా కాచుకున్నాడు.

"కాదు!" చిలుక రెక్కలు టపటప కొట్టింది. "ఇదేం న్యాయం? నీకు రెండు, నాకు రెండు!"

అంతే! ధూమకేశుడు కెవ్వుమని బూడిదైపోయాడు. చిలుక ఉన్నచోట చంపకవల్లి నిలబడింది.

"వాడు తన ప్రాణం నా గొంతులో దాచుకున్నాడు. నేను ఒక్క సొంత మాట అంటే చాలు, వాడు చస్తాడు. అందరూ నన్ను పలికించాలనే చూశారు. మీరొక్కరే ఆలోచించనిచ్చారు" అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

సుముఖుడి కాళ్ళు మళ్ళీ మామూలయ్యాయి. అన్నలూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. "నా బెత్తమేదిరా?" అన్నాడు పెద్దవాడు.

"సముద్రంలో పారేశానన్నయ్యా" అని సుముఖుడు అతణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు.

సుముఖుడికీ చంపకవల్లికీ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. వాళ్ళు అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో గురువులందరూ రోజుకొక తప్పు చెప్పి, పిల్లలు దిద్దేదాకా ఆగాలని శాసనం. రాజుగారూ అప్పుడప్పుడు బడికి వచ్చి లెక్కలు చెప్పేవారు. ఆయన తప్పులు చాలావరకు నిజం తప్పులేనట! "కాదు!" అని పిల్లలు గోలగా అరిచినప్పుడల్లా, ఆయనకు మాత్రం ప్రాణం లేచివచ్చినట్టుండేది.